ఫోటో ఫిల్ము ఎక్కడ తయారవుతుంది? ఎవరు తయారు చేస్తారు?

కొడాక్, ఫ్యూజీ, కోనికా, ఆగ్ఫా, ఓర్వో, ఇందు. ఒకప్పుడు ఫోటో స్టూడియోల గోడలమీద నిత్యం కనిపించిన పేర్లివి. పెళ్ళి ఫోటో అయినా, బడిలో తరగతి ఫోటో అయినా, దరఖాస్తుకు అతికించిన చిన్న చిత్రమైనా ఇటువంటి ఏదో ఒక డబ్బాలోని చుట్టమీదనే మొదట ముద్ర పడింది. అయితే ఆ చుట్టలు ఎక్కడినుండి వచ్చేవి, ఎవరు తయారు చేసేవారు, నేడు ఎవరు తయారు చేస్తున్నారు అన్న విషయం తెలిసినవారు తక్కువ.

అంగట్లో పేర్లు అనేకం. కాని ఫిల్మును మొదటినుండి చివరివరకు స్వయంగా తయారు చేయగల కర్మాగారాలు ప్రపంచం మొత్తంమీద బహు కొద్ది. అటువంటి కర్మాగారం ఒకటి మన పొరుగునే, తమిళనాడు, కర్ణాటక, కేరళ రాష్ట్రాలు కలిసే నీలగిరి కొండలలో, ఉదకమండలంలో ఉండేది. నేడు అది లేదు. అది ఎందుకు మూతపడింది, దూరదేశాలలో మరికొన్ని ఎందుకు నిలిచాయి అన్నది తెలుసుకోదగిన విషయం. ఎందుకంటే మన ఇళ్ళలోని పాత నెగటివుల విలువ కూడా ఈ కథతోనే ముడిపడి ఉంది.

ఫిల్ములో ఏముంటుంది?

ఫిల్ము అంటే స్థూలంగా రెండు భాగాలు. ఒకటి పారదర్శకమైన ఆధారపు పొర. రెండవది దానిమీద పూసిన పలుచని జిలాటిన్ పూత. ఈ పూతలో కంటికి కనిపించనంత సూక్ష్మమైన వెండి లవణపు స్ఫటికాలు కోట్ల సంఖ్యలో పొదిగి ఉంటాయి. దీనినే ఎమల్షన్ అంటారు. వెలుతురు సోకిన స్ఫటికాలలో అతి స్వల్పమైన మార్పు కలుగుతుంది. తరువాత డెవలపర్ ద్రావణంలో ముంచినప్పుడు ఆ స్ఫటికాలు నల్లని వెండిగా మారతాయి. వెలుతురు సోకనివి హైపో ద్రావణంలో కరిగిపోతాయి. ఈ విధంగా వెలుగు ఎక్కువగా పడిన చోట నలుపు, తక్కువగా పడిన చోట తెలుపు ఏర్పడి, దృశ్యం తలక్రిందులైన ఛాయలతో నిలుస్తుంది. అదే నెగటివు.

నలుపు తెలుపు నెగటివులో మనం చూసే నలుపు నిజమైన వెండియే. రంగుల ఫిల్ములో వెండి తన పని పూర్తిచేసి, కడిగే దశలో తొలగిపోతుంది. దాని స్థానంలో రంగుద్రవ్యాలు మిగులుతాయి.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తుంచుకోవాలి. ఫిల్మును కడగడం వేరు, తయారు చేయడం వేరు. ఎల్.వి.ప్రసాద్ 1976లో మద్రాసులో నెలకొల్పిన లాబొరేటరీ వంటివి సినిమా ఫిల్మును కడిగి, ప్రింట్లు తీసేవి. అక్కడికి వచ్చే ముడి ఫిల్ము మాత్రం వేరొక చోట తయారయినదే.

తయారీలో నాలుగు దశలు

మొదటి దశ ఆధారపు పొర. పత్తినుండి గాని, కలప గుజ్జునుండి గాని లభించే సెల్యులోజును రసాయనాలతో మార్చి సెల్యులోజ్ ట్రై ఎసిటేట్ అనే పదార్థాన్ని తయారు చేస్తారు. దానిని ద్రావణంగా కరిగించి, నునుపైన లోహపు ఉపరితలంపై సమంగా పరచి ఆరబెడితే పారదర్శకమైన పొర వస్తుంది. కెమెరా ఫిల్ముకు ఎక్కువగా వాడేది ఇదే. దీని మందం మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు మాత్రమే. ఎక్స్‌రే ఫిల్ముకు పాలియెస్టర్ పొరను వాడతారు. 1950 ప్రాంతం వరకు సినిమా ఫిల్ముకు వాడిన నైట్రేట్ పొర మాత్రం అతి సులభంగా అంటుకునేది. ఆ కాలపు సినిమా హాళ్ళలో అగ్నిప్రమాదాలకు అది ఒక ముఖ్య కారణం.

రెండవ దశ ఎమల్షన్. స్వచ్ఛమైన వెండిని నత్రికామ్లంలో కరిగిస్తే సిల్వర్ నైట్రేట్ వస్తుంది. దీనిని గోరువెచ్చని జిలాటిన్ ద్రావణంలో పొటాషియం బ్రోమైడ్ వంటి లవణంతో కలిపితే సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలు ఏర్పడతాయి. స్ఫటికం పెద్దదయితే తక్కువ వెలుతురులోనూ ఫోటో తీయవచ్చు, కాని చిత్రం గరుకుగా కనిపిస్తుంది. చిన్నదయితే చిత్రం నునుపుగా వస్తుంది, కాని వెలుతురు ఎక్కువ కావాలి. కలిపే వేగం, వేడిమి, ఎంతసేపు ఉంచాలి అన్న విషయాలలో ఏ కొంచెం తేడా వచ్చినా ఫలితం మారిపోతుంది. ఒకే పాలు, ఒకే తోడు వాడినా ఒక ఇంటి పెరుగు మరొక ఇంటి పెరుగులా ఉండదు కదా. ఎమల్షన్ కూడా అటువంటిదే. పుస్తకంలో వ్రాసిన కొలతలు మాత్రమే చాలవు.

మూడవ దశ పూత. నాలుగడుగులకు పైబడిన వెడల్పుతో, వేల అడుగుల పొడవుతో ఉన్న పొర యంత్రంలో నిరంతరం కదులుతూ ఉండగా దానిమీద ఎమల్షన్‌ను పూస్తారు. రంగుల ఫిల్ములో ఒకదానిమీద ఒకటిగా డజనుకు పైగా పొరలు ఉండవచ్చు. అన్నీ కలిపినా వాటి మందం తలవెంట్రుక మందానికి మించదు. ఒక చిన్న బుడగ గాని, ధూళికణం గాని పడితే అది చిత్రంలో మచ్చగా కనిపిస్తుంది.

నాల్గవ దశ కత్తిరింపు. వెడల్పాటి చుట్టను 35 మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి, అంచులకు రంధ్రాలు వేసి, డబ్బాలలో చుడతారు. 36 ఫోటోల చుట్ట పొడవు సుమారు మీటరున్నర పైచిలుకు.

ఎమల్షన్ తయారీ మొదలుకొని డబ్బాలో మూత పడేవరకు జరిగే పని చాలావరకు చీకటిలోనే జరగాలి. మందమైన రక్షిత దీపం కొన్ని గదులలో మాత్రమే ఉంటుంది. అన్ని రంగులకూ స్పందించే ఫిల్ము ఉన్న గదిలో పూర్తి చీకటి. యంత్రం ధ్వనిలో తేడాను బట్టి, చేతి స్పర్శను బట్టి లోపాన్ని గుర్తించే నేర్పు కార్మికునికి ఏళ్ళ తరబడి పనిచేస్తేనే వస్తుంది.

ఆవాలు, గడ్డి అట్ట: రెండు నిజమైన కథలు

ఫిల్ము తయారీ ఎంత సున్నితమైనదో తెలుపడానికి రెండు ఉదాహరణలు చాలు.

జిలాటిన్ పశువుల ఎముకలనుండి, చర్మాలనుండి వస్తుంది. 1920 దశకంలో కొన్ని జిలాటిన్‌లతో చేసిన ఎమల్షన్ వెలుతురుకు చక్కగా స్పందించడం, మరికొన్నింటితో చేసినది మందకొడిగా ఉండడం కొడాక్ సంస్థకు సమస్య అయింది. ఆ సంస్థ శాస్త్రవేత్త శామ్యూల్ షెపర్డ్ పరిశోధించి, కారణం జిలాటిన్‌లో లేశమాత్రంగా ఉండే గంధకపు సమ్మేళనాలని 1925లో వెల్లడించారు. ఆ పశువులు మేసిన మేతలో ఆవజాతి మొక్కలు ఉండడమే వాటి మూలం. ఆవాలకు ఘాటునిచ్చే పదార్థమే ఫిల్ముకు చురుకుదనం ఇచ్చిందన్నమాట. తరువాత 1930లో కొడాక్ ఒక జిలాటిన్ కర్మాగారాన్ని కొని స్వంతం చేసుకున్నది.

రెండవది 1945 నాటి సంగతి. ఆ సంవత్సరం జూలై 16న అమెరికా తన మొదటి అణుబాంబు పరీక్షను న్యూ మెక్సికో ఎడారిలో రహస్యంగా జరిపింది. కొన్నాళ్ళకు కొడాక్ ఎక్స్‌రే ఫిల్ములపై అకారణంగా మచ్చలు కనిపించాయి. ఫిల్ముల మధ్య పెట్టే గడ్డి అట్ట ఎంతో దూరాన ఇండియానా రాష్ట్రంలోని విన్సెన్స్ పట్టణపు మిల్లులో తయారయినది. గాలిలో కొట్టుకొచ్చిన అణుధూళి నదినీటిలో కలిసి, ఆ నీటితో చేసిన అట్టలో చేరి, ఫిల్మును పాడుచేసిందని కొడాక్ శాస్త్రవేత్త జూలియన్ వెబ్ కనుగొన్నారు. ప్రజలకు తెలియని రహస్యాన్ని ఫిల్ము పట్టుకున్నది.

శుభ్రమైన నీరు, దుమ్ములేని గాలి, చల్లదనం ఉన్న చోటికై ఫిల్ము కర్మాగారాలు ఎందుకు వెదుక్కుంటాయో దీనిని బట్టి గ్రహించవచ్చు.

రోచెస్టర్: మొదటి పెద్ద కర్మాగారం

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో రోచెస్టర్ అనే నగరం ఉంది. బ్యాంకు గుమాస్తాగా పనిచేసిన జార్జ్ ఈస్ట్‌మన్ 1880 ప్రాంతంలో అక్కడ గాజు పలకలపై ఎమల్షన్ పూసి అమ్మే వ్యాపారం మొదలుపెట్టారు. 1888లో కొడాక్ అనే కెమెరాను, 1889లో పారదర్శకమైన చుట్ట ఫిల్మును విపణికి తెచ్చారు. గాజు పలకలు మోయవలసిన బాధ తప్పడంతో ఫోటోగ్రఫీ సామాన్యుల చేతికి వచ్చింది. ఆ చుట్ట ఫిల్ము లేకపోతే సినిమా కూడా లేదు.

1982లో రోచెస్టర్ ప్రాంతంలోనే కొడాక్‌కు 60 వేల మందికి పైగా ఉద్యోగులు ఉండేవారు. విచిత్రమేమంటే ఫిల్మును దెబ్బతీసిన డిజిటల్ కెమెరాను కూడా అదే సంస్థలో స్టీవెన్ శాసన్ అనే ఇంజనీరు 1975లో రూపొందించారు. ఆ మార్పు ఇరవై అయిదేళ్ళ తరువాత ముంచుకువచ్చింది. 2007లో రోచెస్టర్‌లోని ఫిల్ము భవనాలు కొన్నింటిని పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. 2012 జనవరిలో సంస్థ దివాలా రక్షణ కోరింది. 2013లో దానినుండి బయటపడుతూ, ఫోటో ఫిల్ము విక్రయాన్ని కొడాక్ అలారిస్ అనే వేరొక సంస్థకు అప్పగించింది. తయారీ మాత్రం రోచెస్టర్‌లోనే ఈస్ట్‌మన్ కొడాక్ చేతిలో నిలిచింది.

నిలవడానికి ఒక కారణం సినిమా. 2014, 2015 సంవత్సరాలలో హాలీవుడ్ సంస్థలు ఏటా కొంత ఫిల్మును కొంటామని కొడాక్‌తో ఒప్పందాలు చేసుకున్నాయి. 2023లో విడుదలయిన ఓపెన్‌హైమర్ చిత్రం కోసం కొడాక్ 65 మిల్లీమీటర్ల నలుపు తెలుపు ఫిల్మును ప్రత్యేకంగా తయారు చేసింది. యువతరం తిరిగి ఫిల్మువైపు మొగ్గడంతో గిరాకీ పెరిగి, 2024 నవంబరులో కర్మాగారాన్ని కొంతకాలం ఆపి యంత్రాలను ఆధునికీకరించవలసి వచ్చింది.

జపాన్, ఇంగ్లండు, ఐరోపా, చైనా

జపాన్‌లో ఫ్యూజీ సంస్థ 1934లో ప్రారంభమయింది. కనగావా రాష్ట్రంలోని మినమి అషిగారా దాని పుట్టిల్లు. హకోనె పర్వతాల దాపున ఉన్న ఆ ప్రాంతం స్వచ్ఛమైన నీటికి ప్రసిద్ధి. డిజిటల్ దెబ్బకు ఫ్యూజీ తట్టుకున్న తీరు వేరు. ఫిల్ము ఆధారపు పొర చేసే విద్యనే ఉపయోగించి ఎల్.సి.డి. తెరలలో వాడే పొరలను తయారు చేసింది. మందులు, సౌందర్య సాధనాల రంగాలలోనూ ప్రవేశించింది. 2013లో సినిమా చిత్రీకరణ ఫిల్మును ఆపివేసింది. కాని తీసిన వెంటనే చేతికి ఫోటో వచ్చే ఇన్‌స్టాక్స్ ఫిల్ముతో పెద్ద వ్యాపారం చేస్తున్నది.

ఇంగ్లండులో ఇల్‌ఫర్డ్ పేరు పాతది. ఆల్‌ఫ్రెడ్ హార్మన్ 1879లో ఇల్‌ఫర్డ్ అనే ఊరిలో తన ఇంటి నేలమాళిగలో గాజు పలకలు తయారుచేయడంతో అది మొదలయింది. 2004లో సంస్థ ఆర్థికంగా కూలిపోగా, 2005లో అందులో పనిచేసిన అధికారులే కొందరు కలిసి దానిని కొని హార్మన్ టెక్నాలజీ అనే పేరుతో నిలబెట్టారు. చెషైర్ ప్రాంతంలోని మాబర్లీ గ్రామంలో ఈ కర్మాగారం నలుపు తెలుపు ఫిల్మును, ప్రింటు కాగితాన్ని తయారు చేస్తున్నది. 2023 డిసెంబరులో ఫీనిక్స్ అనే రంగుల ఫిల్మును కూడా విడుదల చేసింది.

చెక్ దేశంలోని హ్రాడెట్స్ క్రాలొవే నగరంలో 1921లో పుట్టిన ఫోమా సంస్థ నలుపు తెలుపు ఫిల్మును ఎడతెగకుండా తయారుచేస్తూ వచ్చింది. బెల్జియంలోని మోర్ట్‌సెల్‌లో ఆగ్ఫా గెవర్ట్ సంస్థకు వైద్య, పారిశ్రామిక ఫిల్ముల కర్మాగారం ఉంది.

జర్మనీలోని వోల్ఫెన్ పట్టణం ఫిల్ము చరిత్రలో ముఖ్యమైనది. ఆగ్ఫా అక్కడ 1909లో కర్మాగార నిర్మాణం చేపట్టింది. 1936లో ఆగ్ఫాకలర్ అనే రంగుల ఫిల్ము అక్కడినుండే వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఆ పట్టణం తూర్పు జర్మనీ పాలయింది. 1964లో తన ఫిల్ముకు ఓర్వో అని పేరు పెట్టుకున్నది. వోల్ఫెన్‌లో తయారయిన అసలు ఫిల్ము అన్న అర్థం వచ్చే మాటల మొదటి అక్షరాలే ఆ పేరు. మన దేశంలోని స్టూడియోలలో, సినిమారంగంలో ఒకప్పుడు విరివిగా వాడిన ఓర్వో ఫిల్ము ఇదే. జర్మనీ ఏకమయిన తరువాత ఆ మహా కర్మాగారం 1990 దశకంలో మూతపడింది. దానిలో ఒక భాగం నేడు మ్యూజియం. మిగిలిన విద్యను పట్టుకుని చిన్న సంస్థలు సినిమా ఫిల్మును చేస్తూ వచ్చాయి.

ఇటలీలోని ఫెర్రానియా గ్రామం కథ మరొక రకం. అక్కడ మొదట ఉన్నది మందుగుండు కర్మాగారం. ప్రేలుడు పదార్థానికీ, నాటి నైట్రేట్ ఫిల్ముకూ మూలపదార్థం ఒకటే కావడంతో మొదటి ప్రపంచయుద్ధం తరువాత అది ఫిల్ము కర్మాగారంగా మారింది. చాలాకాలం నడిచి మూతపడిన తరువాత, 2014లో కొందరు ప్రజల చందాలతో చిన్నస్థాయిలో పునఃప్రారంభించి, 2017లో పి30 అనే నలుపు తెలుపు ఫిల్మును విడుదల చేశారు.

చైనాలో 1958లో బావోడింగ్ నగరంలో లక్కీ సంస్థ స్థాపితమయింది. 2012లో రంగుల ఫిల్మును ఆపివేసినా, తరువాత నలుపు తెలుపు ఫిల్ముతో తిరిగి విపణిలోకి వచ్చింది.

ఉదకమండలం: మన దేశపు ఫిల్ము

స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో భారతదేశానికి కావలసిన ఫిల్ము యావత్తూ విదేశాలనుండే రావలసి ఉండేది. ఎక్స్‌రే ఫిల్ము లేకపోతే ఆసుపత్రి నడవదు. ముడి ఫిల్ము లేకపోతే సినిమా లేదు. ఆ లోటు తీర్చడానికి భారత ప్రభుత్వం 1960లో హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అనే ప్రభుత్వ రంగ సంస్థను నెలకొల్పింది. చల్లని వాతావరణం, ధూళిలేని గాలి, మంచినీరు ఉన్న ఉదకమండలాన్ని ఎంచుకున్నది. ఫ్రాన్సు దేశపు బోషే సంస్థ సాంకేతిక సహకారం ఇచ్చింది. 1967లో ఉత్పత్తి ప్రారంభమయింది.

ఆ ఫిల్ముకు పెట్టిన పేరు ఇందు. చంద్రునికి పర్యాయపదం కావడమే గాక దేశం పేరు కూడా అందులో ధ్వనిస్తుంది. కర్మాగారం పక్కన వెలసిన నివాస ప్రాంతానికి ఇందునగర్ అనే పేరు వచ్చింది. నలుపు తెలుపు సినిమా ఫిల్ము, స్టూడియోల రోలు ఫిల్ము, ఫోటో కాగితం, ఎక్స్‌రే ఫిల్ము, ముద్రణాలయాల ఫిల్ము అక్కడ తయారయ్యేవి. వేలమందికి నేరుగా ఉపాధి దొరికింది. తేయాకు తోటలు తప్ప వేరే పెద్ద పరిశ్రమలు అంతగా లేని ఆ కొండ జిల్లాలో ఒక ప్రభుత్వ ఉద్యోగం అంటే ఒక కుటుంబానికి చదువు, వైద్యం, ఇల్లు అన్నమాట.

మరి ఎందుకు పడిపోయింది? కారణాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

మొదటిది రంగుల మార్పు. 1970, 1980 దశకాలలో సినిమా, ఫోటో రెండూ రంగులలోకి మారాయి. ఉదకమండలం బలం నలుపు తెలుపులోనే ఉండిపోయింది. రంగుల సరుకు విషయంలో విదేశాలనుండి పెద్ద చుట్టలు తెప్పించి, కోసి, డబ్బాలలో పెట్టి అమ్మే పని ముఖ్యమయింది. అంటే నాలుగు దశలలో చివరి దశ మాత్రమే ఇక్కడ మిగిలింది.

రెండవది అప్పు. పాలియెస్టర్ ఎక్స్‌రే ఫిల్ము కోసం అమెరికా సంస్థ డ్యూపాంట్ సాంకేతిక సహకారంతో పెద్ద కర్మాగారాన్ని కట్టారు. దానికై తెచ్చిన రుణాల వడ్డీ భారం సంస్థ నెత్తిన పడింది.

మూడవది పోటీ. 1991 తరువాత దిగుమతులపై ఆంక్షలు, సుంకాలు తగ్గాయి. విదేశీ ఫిల్ము చౌకగా, ధారాళంగా వచ్చింది. ఆ దశకంలోనే సంస్థ రుగ్ణ పరిశ్రమల జాబితాలో చేరింది.

నాల్గవది డిజిటల్ కెమెరా. అప్పటికే క్రుంగిన సంస్థకు ఇది చివరి దెబ్బ. 2014లో కేంద్ర ప్రభుత్వం మిగిలిన ఉద్యోగులకు స్వచ్ఛంద పదవీ విరమణ పథకాన్ని ఆమోదించింది. ఆ తరువాతి సంవత్సరాలలో కర్మాగారం శాశ్వతంగా మూతపడింది.

నేడు మన దేశంలో ఫిల్మును మొదటినుండి తయారుచేసే కర్మాగారం లేదు. మన స్టూడియోలకు, ఆసుపత్రులకు వచ్చే ఫిల్ము మూలం విదేశమే.

మూసిన కర్మాగారం ఎందుకు తెరుచుకోదు?

కాలం మారింది, ఫిల్ము అవసరం తగ్గింది, కర్మాగారం పోయింది అని సరిపెట్టుకోవచ్చు. కాని మాబర్లీలోనూ, హ్రాడెట్స్ క్రాలొవేలోనూ కాలం మారింది. అక్కడ పరిశ్రమ చిన్నదయింది గాని చావలేదు. తేడా ఎక్కడ ఉన్నది?

ఫిల్ము కర్మాగారంలో అసలు ఆస్తి యంత్రాలు కావు, వాటిని నడిపే మనుషుల అనుభవం. నెదర్లాండ్స్‌లోని ఎన్‌స్కెడె పట్టణంలో పోలరాయిడ్ సంస్థ చివరి ఫిల్ము కర్మాగారం 2008లో మూతపడబోయింది. అప్పుడు అక్కడి పాత ఉద్యోగులు కొందరు, బయటివారు కలిసి యంత్రాలను కొన్నారు. యంత్రాలన్నీ యథాతథంగా ఉన్నాయి, నడిపినవారూ ఉన్నారు. అయినా కొన్ని రసాయనాలు చేసే సరఫరాదారులు అప్పటికే ఆ పని మానివేశారు. అందువల్ల ఫిల్మును దాదాపు కొత్తగా కనిపెట్టవలసి వచ్చింది. పాత నాణ్యతకు దగ్గరగా చేరడానికి ఏళ్ళు పట్టింది.

పనివారు చెదరిపోకముందే, పరిశ్రమను గిరాకీకి తగినంత చిన్నదిగా కుదించుకుని, తమకు బాగా తెలిసిన నలుపు తెలుపు విద్యనే పట్టుకున్నవారు నిలిచారు. ఉదకమండలంలోనూ ఆ విద్య ఉండేది. కాని రుణభారంతో, దశాబ్దాల అనిశ్చితితో, ఉత్పత్తి లేని రోజులతో నేర్పరులు ఒక్కొక్కరుగా పదవీ విరమణ చేశారు. చీకటి గదిలో నేర్చిన పనిని తరువాతి తరానికి అప్పగించే అవకాశం వారికి దొరకలేదు. చేనేత మగ్గం మూలపడినప్పుడు ఏమవుతుందో మన ఊళ్ళు ఎరిగినదే. మగ్గాన్ని మళ్ళీ బిగించవచ్చు, నేసే చేయి లేకపోతే అది కట్టెలతో సమానం.

డబ్బాపై పేరు, లోపలి ఫిల్ము

ఫిల్ము కొనేవారికి ఒక సూచన. డబ్బాపై పెద్దగా ఉన్న పేరు కన్నా, అడుగున చిన్న అక్షరాలలో ఉన్న తయారీ దేశం పేరు ఎక్కువ చెబుతుంది.

ఫ్యూజీ సంస్థ 2018లో నలుపు తెలుపు ఫిల్మును ఆపి, 2019లో ఆక్రోస్ 2 అనే పేరుతో తిరిగి తెచ్చింది. ఆ డబ్బాపై తయారీ స్థలం ఇంగ్లండు అని ఉన్నది. 2021 తరువాత అమెరికాలో అమ్మిన కొన్ని ఫ్యూజీ రంగుల ఫిల్ముల డబ్బాలపై తయారీ అమెరికా అని కనిపించింది. జర్మనీలోని ఆగ్ఫా ఫోటో సంస్థ 2005లో దివాలా తీసింది. అయినా ఆ పేరుతో ఫిల్ములు ఆ తరువాత కూడా వచ్చాయి. అవి ఇతరులు చేసినవి. కెంట్‌మియర్ అనే చౌక ఫిల్ము హార్మన్ కర్మాగారంలోనిదే. అమెరికాలోని సినీస్టిల్ సంస్థ అమ్మే రంగుల ఫిల్ము కొడాక్ సినిమా ఫిల్మునుండి వచ్చినది.

ఇందులో మోసం లేదు. పూత వేయగలవారు కొద్దిమంది, అమ్మగలవారు అనేకులు కావడమే కారణం. అయితే పేర్లు ఎన్ని ఉన్నా కర్మాగారం ఒక్కటి ఆగితే ఎన్నో పేర్లు ఒకేసారి కనుమరుగవుతాయన్న సంగతి గ్రహించాలి.

ఇంట్లోని నెగటివుల సంగతి

ఈ కథనంతటినీ మన ఇంటికి అన్వయించుకుంటే తేలేది ఒక్కటే. ఇంటిలో ఉన్న నెగటివు తిరిగి తయారయ్యేది కాదు. ఫోటో వెలిసిపోయినా, చిరిగినా నెగటివు ఉంటే కొత్త ప్రింటు తీయవచ్చు. నెగటివు పోతే ఆ దారి మూసుకుపోయినట్లే. సరిహద్దు గ్రామాలలో ఒకే కుటుంబం రెండు రాష్ట్రాలలో విస్తరించి ఉండడం సహజం. తాతముత్తాతలు ఎక్కడివారు, ఎవరితో ఏ బంధుత్వం అన్నది చాలా ఇళ్ళలో కాగితాలమీద కన్నా ఫోటోలలోనే ఎక్కువగా నిలిచి ఉంటుంది. కనుక ఈ క్రింది జాగ్రత్తలు పాటించడం మంచిది.

1. నెగటివులను వంటింటి అటకమీద, ఎండ తగిలే రేకుల గదిలో ఉంచకూడదు. వేడి, తేమ రెండూ వాటికి శత్రువులు. ఇంటిలో చల్లగా, పొడిగా ఉండే గదిలో, నేలకు ఎత్తుగా ఉంచాలి.

2. ప్లాస్టిక్ సంచులలో బిగించి ఉంచడం కన్నా శుభ్రమైన తెల్ల కాగితపు కవర్లలో విడివిడిగా ఉంచడం మేలు.

3. పెట్టె తెరవగానే పులిసిన సిర్కా వాసన వస్తే ఎసిటేట్ పొర చెడిపోవడం మొదలయిందని గుర్తు. అటువంటి వాటిని వెంటనే వేరుచేయాలి. ఆ ఆమ్లపు ఆవిరి పక్కవాటిని కూడా చెరుపుతుంది. వాటికి ముందుగా నకలు తీయించాలి.

4. చిత్రం ఉన్న భాగాన్ని వేళ్ళతో తాకకూడదు. అంచులు మాత్రమే పట్టుకోవాలి. నీటితో గాని, తడిబట్టతో గాని తుడవకూడదు.

5. స్కానరు ఉన్న స్టూడియోలో డిజిటల్ నకలు తీయించుకోవచ్చు. నకలు తీసిన తరువాత కూడా అసలు నెగటివును పారవేయరాదు.

6. కవరుమీద పెన్సిలుతో ఊరు, సంవత్సరం, ఉన్నవారి పేర్లు, వరుసలు వ్రాయాలి. తెలుగు చదవలేని మనుమలు ఉన్న ఇళ్ళలో వారు బడిలో నేర్చుకున్న లిపిలో కూడా వ్రాయాలి. పేరు తెలియని ఫోటో రెండు తరాల తరువాత ఎవరికీ చెందదు.

7. వెండి కోసం పాత ఎక్స్‌రే ఫిల్ములను, నెగటివులను తూకానికి కొనేవారు ఉన్నారు. వైద్యుని అడిగి, ఇక అవసరం లేదని తేలిన ఎక్స్‌రేలను ఇవ్వవచ్చు. నెగటివులను మాత్రం ఇవ్వరాదు. వచ్చే డబ్బు స్వల్పం, పోయే వస్తువు తిరిగిరానిది.

పాత నలుపు తెలుపు నెగటివులు ఉన్నవారు వాటిని వెలుతురుకు అడ్డంగా పట్టి అంచును పరిశీలించవచ్చు. ఫిల్ము తయారు చేసినవారు తమ పేరును చాలావరకు అంచుమీదనే ముద్రించేవారు. ఓర్వో అని ఉంటే వోల్ఫెన్, ఇల్‌ఫర్డ్ అని ఉంటే ఇంగ్లండు. ఇందు అని కనిపిస్తే ఆ వెండి పూత నీలగిరి కొండలలో, మన దేశపు కార్మికులు చీకటిలో పూసినది. ఆ పేరు కనిపించిన చుట్టలను వేరే కవరులో ఉంచి, పైన ఆ మాట కూడా వ్రాసి పెట్టాలి.